మంచి రక్తం కావలెను

"ఇన్నాళ్లూ పల్లె పండించింది, నగరం తిన్నది. ఆ రుణం తీర్చుకునే రోజొచ్చింది. నగరం తిన్నదంతా ఇకమీదట పల్లెకే తిరిగి ఇచ్చేస్తున్నాం!"

మునిసిపల్ శాఖ మంత్రి పరంధామయ్య గారు నల్లరేగడిపాలెం సభలో ఈ మాట అనగానే చప్పట్లు మారుమోగాయి. ఇచ్చేది ఏ రూపంలో అన్నది ఆయన విడమరచి చెప్పలేదు. వేదిక పక్కన పూలదండలేసి నిలబెట్టిన లారీ మీదుగా గాలి ఒకసారి ఇటు తిరిగింది, సంగతి అందరికీ తెలిసిపోయింది. పథకం పేరు 'నగర ప్రసాదం'. నగరంలో మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు అడుగున మిగిలే మడ్డిని ఎండబెట్టి, మిరపకీ పత్తికీ ఎరువుగా రైతులకు ఉచితంగా పంచుతారు. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, లారీలోంచి చిటికెడు మడ్డి తీసి కళ్లకద్దుకోబోయి, ఆఖరి క్షణంలో ఆ భాగ్యం వ్యవసాయాధికారికి వదిలిపెట్టారు. అంత పదవిలో ఉండి కూడా కిందివాళ్లకి అవకాశం ఇవ్వాలన్న బుద్ధి ఎంతమందికి ఉంటుంది?

ఆ చప్పట్లు బుడాన్‌వి. కొట్టింది జనమే అనుకోండి, తోలుకొచ్చింది బుడాన్. మిరపకోతల కాలంలో అతను ఆడకూలీల ముఠాకి మేస్త్రి. మిగతా కాలమంతా సభలకు జనాన్ని సరఫరా చేస్తాడు. జనమంటే జనమే కదా అని మీరనుకోవచ్చు. బుడాన్ ముందు ఆ మాట అంటే జాలిగా చూస్తాడు. రైతు సభకి తలగుడ్డ జనం కావాలి. మహిళా సభకి ముందు వరుసలో కూర్చుని తలూపే జనం కావాలి. ఓదార్పు సభకి అవసరమైనప్పుడు కళ్లొత్తుకునే జనం కావాలి. వేదిక వెడల్పు చూసి ఎన్ని ట్రాక్టర్లు తోలాలో చెప్పేస్తాడు. అతను చెయ్యెత్తితే మైదానమంతా చెయ్యెత్తుతుంది. పార్టీలు రెండుసార్లు మారాయి గానీ బుడాన్ మారలేదు, అతని జనమూ మారలేదు. అదే జనం పాత ప్రభుత్వాన్ని పొగిడారు, అదే జనం కొత్త ప్రభుత్వాన్ని పొగిడారు. నిలకడ అంటే అదీ.

సభ అయిపోయిన మర్నాటి నుంచి అదే ఆడవాళ్లు గంపలెత్తుకుని పొలాల్లోకి దిగారు. మడ్డి చేత్తో తీసి మొక్క మొదట్లో గుప్పెడేసి మట్టి కప్పాలి. నగరం నిజంగానే ఏదీ దాచుకోలేదు. బ్యాటరీల షాపులు, ఇనుముకి మెరుపు పూతలేసే వర్క్‌షాపులు, రంగుల గోడౌన్లు, అన్నిటి కాలవలూ ఆ ప్లాంటులోకే చేరతాయి కాబట్టి ఆ మడ్డి ఎండలో నెమలికంఠం రంగులో తళతళలాడేది. "పట్టుచీరలాగుందే!" అని ముఠాలోని వెంకటరావమ్మ మురిసిపోయింది. కూలీల భద్రత మీద మంత్రిగారికి ఎంత శ్రద్ధంటే చేతి తొడుగులు కూడా మంజూరు చేశారు. మొదటి విడతలో ఎడమ చేతివి వచ్చాయి. కుడిచేతివి రెండో విడతలో వస్తాయని, రెండో విడత టెండరు కోర్టులో ఉందని చెప్పారు. పని చేసేది కుడిచేత్తో కనక ఎడమ చేతులు మాత్రం చాలా భద్రంగా ఉన్నాయి.

రెండు పంటలు గడిచాయి. బుడాన్ భార్య గుల్జార్ బేగం చేతిలోంచి ఒకరోజు టీ గ్లాసు జారిపోయింది.

గ్లాసు జారడం పెద్ద విషయం కాదు. ఇంకో గ్లాసు కూడా జారింది. మిరపకాయల తొడిమలు తీయడంలో గుల్జార్ బేగంకి సాటి ఆ చుట్టుపక్కల లేదు. కాయ వైపు చూడకుండా, పక్కవాళ్లతో కబుర్లాడుతూ, రాశికి రాశి వలిచేసేది. అలాంటి మనిషి ఒక్క కాయని పట్టుకోవడానికి రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. కడుపులో మెలితిప్పుతోందంది. నోట్లో ఎప్పుడూ ఇత్తడి చెంబు నాకినట్టుందంది. ఆఖరికి కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి, ఎత్తమంటే లేవడం మానేసింది. ఇన్ని వేలమంది చేత చేతులెత్తించిన బుడాన్, "ఎత్తు, ఒక్కసారి ఎత్తి చూడు" అని పెళ్లాం ముందు కూర్చుని బతిమాలాడు. లేవలేదు. ఆమె లేకపోతే తనేమైపోతాడో అన్న ఆలోచన ఆ నిమిషం దాకా అతనికి ఎప్పుడూ రాలేదు.

మండలం ఆసుపత్రిలో డాక్టర్ శ్రీరమ్య మంచి మనిషి. చెయ్యి చూసింది, చిగుళ్లు చూసింది, నిట్టూర్చింది.

"ఒంట్లో సీసం చేరినట్టుందమ్మా."

"సీసమంటే బ్యాటరీల్లో ఉంటదే, అదాండి?"

"అదే."

"నేను బ్యాటరీలు తినలేదండి."

"మడ్డి పట్టుకున్న చేత్తో అన్నం తిన్నావు కదా. దీనికి మందుంది. విజయవాడ పెద్దాసుపత్రిలో చేర్చుకుని రక్తంలో సీసం తీసేస్తారు. తొందరగా వెళ్తే చెయ్యి వస్తుంది, ఆలస్యమైతే చెప్పలేను. నేను లెటర్ రాయాలి."

"రాయండమ్మా, మీ కాళ్లకి మొక్కుతా," అన్నాడు బుడాన్.

"లెటర్లో జబ్బుకి కారణం రాయాలి. నగర ప్రసాదం వల్ల ఎవరికీ జబ్బు రాదని పైనుంచి ఆర్డరొచ్చింది. రాని జబ్బుకి నేను మందెట్లా రాయను?" అంది డాక్టర్. ఆమె గొంతులో నిజమైన బాధ ఉంది. ఆర్డర్లో నిజమైన సంతకం ఉంది.

సరిగ్గా అప్పుడే ఏదో యూనివర్సిటీ వాళ్లు చడీచప్పుడు కాకుండా ఊళ్లోకొచ్చి కూలీల రక్తం తీసుకెళ్లి పరీక్ష చేశారు. ఆ వార్త టీవీలో వచ్చింది. మంత్రిగారు గెస్ట్‌హౌస్‌లో ఉప్మా తింటూ చూశారు. పక్కన పీఏ శ్రీకృష్ణ నిలబడ్డాడు.

"ఏముందంటయ్యా రక్తంలో?"

"లోహాలంటండి."

"ఏ లోహాలు?"

"సీసం, కాడ్మియం, క్రోమియం..."

"బంగారం లేదా?"

"రాయలేదండి."

"వెతికుండరు. గిట్టనివాళ్లు మంచి లోహాలు ఎందుకు రాస్తారు?" మంత్రిగారు చెంచా పక్కన పెట్టి ఆలోచించారు. "అయినా గనుల శాఖ వాళ్లు కొండలు పిండి చేస్తే గానీ దొరకని ఖనిజం, మన శాఖ ఊరికే మనిషి ఒంట్లో చూపించింది. ఇది ఎవరి గొప్ప?"

"తమదేనండి. కానీ ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందండి. నల్లరేగడిపాలెం కూలీల రక్తం వాళ్లే స్వయంగా తీస్తారట."

మంత్రిగారు ఉప్మా పూర్తిగా తిన్నారు. కష్టకాలంలో కూడా అన్నాన్ని అగౌరవపరచని మనిషి ఆయన. చెయ్యి కడుక్కుని, "బుడాన్‌ని పిలిపించు," అన్నారు.

బుడాన్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిలుపు వచ్చిందంటే సభే అని అతని లెక్క. "ఎంత జనం కావాలండి?" అని అలవాటుగా అడిగేశాడు.

"జనం కాదయ్యా, రక్తం కావాలి. మంచి రక్తం. కూలీల చేతులు ఉండాలి, కూలీల రక్తం ఉండకూడదు. అర్థమైందా?"

బుడాన్‌కి వెంటనే అర్థమైంది. అతని వృత్తిలో ఇది కొత్త కోరిక గానీ వింత కోరిక కాదు. ఇంతకుముందు పార్టీలో చేరని వాళ్లని చేరినట్టు చూపించాడు, ఇల్లు పోని వాళ్లని పోయినట్టు చూపించాడు. అయినా అతను కదల్లేదు. తల గోక్కున్నాడు.

"అయ్యా, మా ఆడదానికి చెయ్యి పడిపోయిందండి. విజయవాడలో మందుందంట. తమరొక మాట రాసిస్తే..."

మంత్రిగారి కళ్లలో కరుణ పొంగింది. "అయ్యో, ముందే చెప్పొద్దూ? కమిటీ వెళ్లనీ. ఇక్కడ ఎవరికీ జబ్బు లేదని తేలిన మరుక్షణం మీ ఆవిడ జబ్బుకి నా లెటర్ మీద సకల వైద్యం చేయిస్తా."

"అంటే ఎవరికీ లేదని తేలితే, మా దానికి ఉందని..."

"అంతే కదా మరి!" అన్నారు మంత్రిగారు, ఎంతో సహనంగా.

బుడాన్ ఆ రోజు నుంచే కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. మామూలు సభ అయితే నిద్రలో కూడా చేసేవాడు. ఇది గుల్జార్ బేగం చెయ్యి కోసం చేసే సభ. ముందు చీరాల వెళ్లాడు. అక్కడ అతని చెల్లెలు నస్రత్ ఉంది, చీరలకి అంచులు కుట్టుకుంటుంది. ఆమె చెప్పిన మీదట రంగుల అద్దకం పనివాళ్లని రైలెక్కించి తెచ్చాడు. మోచేతుల దాకా నీలంగా ఉన్నారు. శ్రీకృష్ణ వాళ్ల చేతులు తిప్పి చూసి, "వీళ్లేం పంట వేస్తారని చెప్పను బుడాన్, నీలిమందా?" అన్నాడు. వాళ్లని వెనక్కి పంపారు. తర్వాత పిడుగురాళ్ల నుంచి సున్నపు బట్టీల వాళ్లని దించాడు. నెత్తి నుంచి పాదం దాకా తెల్లగా ఉన్నారు. "పత్తి ఏరేవాళ్లని చెబుదామండి," అన్నాడు బుడాన్ ఆశగా. అదీ కుదిరేదే, కానీ అప్పుడే అందరూ కలిసికట్టుగా దగ్గారు. కమిటీలో డాక్టర్లుంటారు, దగ్గు వింటే వదలరు అన్నాడు శ్రీకృష్ణ. వాళ్లూ వెళ్లిపోయారు.

ఆఖరికి పొన్నూరు వైపు మాగాణి ఊళ్ల నుంచి వరి కోసే ఆడవాళ్లు దొరికారు. నిండుగా ఉన్నారు, నవ్వు మొహాలతో ఉన్నారు, దగ్గడం లేదు. శ్రీకృష్ణకి ప్రాణం లేచొచ్చింది. ఒకటే లోపం. చేతులు మిరప చేతుల్లా లేవు. కాయ వలిచి వలిచి గోళ్ల పక్కన ఎర్రబారిన చెయ్యి మిరప కూలీది. ఇవి బురదలో నాని మెత్తబడిన వరి చేతులు.

"ఒక పూట తొడిమలు తీయిద్దాం, అదే రంగొస్తుంది," అన్నాడు శ్రీకృష్ణ. కమిటీ వచ్చే రోజు పొద్దున్నే ఘాటైన తేజ రకం మిరపకాయలు రాశి పోసి వాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టారు. అసలు కూలీలనేమో సభలకు తోలే ట్రాక్టర్లలోనే ఎక్కించి కోటప్పకొండ చూసి రమ్మని పంపేశారు. ఇంతకాలానికి ప్రభుత్వానికి తమ మీద దయ కలిగిందని వెంకటరావమ్మ నొప్పెడుతున్న కడుపు పట్టుకుని మరీ ట్రాక్టరెక్కింది. గుల్జార్ బేగం మాత్రం ఎక్కలేకపోయింది. ఇంట్లో మంచం మీదే ఉంది. ఆమెకి తోడుగా నస్రత్‌ని చీరాల నుంచి రప్పించాడు బుడాన్.

వరి కోసేవాళ్లకి ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. మిరప ఊళ్లలో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి కాబట్టి చెప్పాలని ఎవరికీ తోచలేదు. తేజ కాయ వలిచిన చేత్తో కళ్లు తుడుచుకోకూడదు. ఎండ ఎక్కింది, చెమట కారింది, ఒకావిడ తుడుచుకుంది. ఆమె కేకకి ఏమైందోనని పక్కావిడ కంగారుపడి తనూ మొహం తుడుచుకుంది. ఢిల్లీ కమిటీ కార్లు దిగేసరికి జనమంతా వెక్కివెక్కి ఏడుస్తున్నారు.

కమిటీ అధ్యక్షుడు తెలుగు రాని పెద్దమనిషి. నిర్ఘాంతపోయాడు.

"వీళ్లెందుకు ఏడుస్తున్నారు?" అని హిందీలో అడిగాడు.

"ఆనందమండి," అన్నాడు శ్రీకృష్ణ రెప్ప వేయకుండా. "తమ కోసం ఢిల్లీ నుంచి ఎవరైనా వస్తారని కల్లో కూడా అనుకోలేదు పాపం."

అధ్యక్షుడి గుండె కరిగిపోయింది. గబగబా ముందుకెళ్లి వాళ్ల చేతులు తన చేతుల్లోకి తీసుకుని నొక్కాడు. మిగతా సభ్యులూ అలాగే చేశారు. తర్వాత అందరూ కళ్లొత్తుకున్నారు. 'కూలీల గాథ విని కంటతడి పెట్టిన కమిటీ' అని మర్నాడు పేపర్లు రాశాయి. తడి ఒకటేనా, సాయంత్రం దాకా వాళ్లకి కళ్లు తెరుచుకోలేదు. కళ్లు తెరవకుండానే పరిశీలన పూర్తిచేసిన నిబద్ధత గల కమిటీ అది.

రక్తం తీయడం మొదలైంది. ఆధార్ కార్డులు చూస్తామన్నారు. కష్టజీవిని నువ్వెవరని అడగడం శ్రమని అవమానించడమేనని కమిటీ వెంట వచ్చిన మంత్రిగారు ఆవేశపడ్డారు. కమిటీ సిగ్గుపడి మానుకుంది. ఊళ్లో కూలీల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంటే ఒక్కొక్క పొన్నూరు మనిషి వెళ్లి చెయ్యి చాపుతోంది. అంతా సాఫీగా జరిగిపోతున్న సమయంలో, "గుల్జార్ బేగం!" అని పిలుపొచ్చింది.

ఎవరూ కదల్లేదు. ఆ పేరుకి కేటాయించిన మనిషి గొడ్ల తొట్టిలో తల ముంచుకుని ఉంది. చస్తే రానంది. మళ్లీ పిలిచారు. అధ్యక్షుడు కళ్లు మూసుకునే మెడ ఎత్తాడు. బుడాన్ ఇంట్లోకి పరిగెత్తి నస్రత్ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నేను వదిననెట్లా అవుతా?"

"సూది గుచ్చిందాకా చాలు తల్లీ. ఒక్క మనిషి తగ్గినా లెక్క తప్పిద్ది. లెక్క తప్పితే మీ వదిన చెయ్యి పోయిద్ది."

మంచం మీద నుంచి గుల్జార్ బేగం కూడా, "పోయిరామ్మా, నాకెట్టాగూ రక్తమిచ్చే ఓపిక లేదు," అంది. నస్రత్ కొంగు తల మీదికి లాక్కుని వెళ్లింది.

ఫలితాలొచ్చాయి. నల్లరేగడిపాలెంలో ఏ ఒక్కరి రక్తంలోనూ దోషం లేదు. అందులోనూ గుల్జార్ బేగం రక్తం అపురూపం. తన సర్వీసులో ఇంత శుభ్రమైన రక్తం చూడలేదని, తన రక్తం కంటే కూడా బాగుందని అధ్యక్షుడు ప్రత్యేకంగా రాశాడు. మంత్రిగారు అప్పటికప్పుడు పత్రికల వాళ్లని పిలిచి, మడ్డిలో పనిచేయని ఢిల్లీ అధికారి కంటే పనిచేసిన మన ఆడపడుచు ఆరోగ్యంగా ఉందంటే దానర్థమేమిటో ప్రజలే గ్రహించాలన్నారు. గుల్జార్ బేగంని నగర ప్రసాదానికి బ్రాండ్ అంబాసిడర్‌గా ప్రకటించారు.

ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని శ్రీకృష్ణ వచ్చాడు. సూది గుచ్చేటప్పుడు చూసిన మొహం అతనికి బాగా గుర్తుంది. "ఆ గళ్లచీర ఆవిడే," అని నస్రత్ వైపు చూపించాడు. బుడాన్ నోరు తెరిచాడు. అసలు మనిషిని చూపిస్తే కమిటీ చెడుతుంది, కమిటీ చెడితే లెటర్ చెడుతుంది. నోరు మూసుకున్నాడు. వారం తిరిగేసరికి విజయవాడ నుంచి ఒంగోలు దాకా ప్రతి కూడలిలో ఫ్లెక్సీ మీద నస్రత్ గుప్పిట నిండా మడ్డి పట్టుకుని నవ్వుతోంది. 'నా రక్తమే సాక్షి! ఇట్లు, మీ గుల్జార్ బేగం' అని కింద రాశారు. బుడాన్ ఇంటి ఎదురుగానే ఒకటి కట్టారు, పెద్దది.

బుడాన్ అన్నం కలిపి ముద్దలు చేసి పెడుతుంటే గుల్జార్ బేగం వాకిట్లోంచి దాన్నే చూసేది.

"పోనీలే, నా పేరు మీదైనా ఒకతి బాగుంది," అంది ఒకరోజు.

బుడాన్‌కి ఆ ముద్ద ఆమె నోటిదాకా తీసుకెళ్లడానికి చెయ్యాడలేదు. సిగ్గనిపించింది. ఆ తర్వాత కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియక మజ్జిగ గిన్నె విసిరికొట్టాడు.

అయితే మంత్రిగారు మాట తప్పలేదు. ఇది ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మళ్లీ అడక్కుండానే లెటర్ పంపించారు. గుల్జార్ బేగంకి సకల వైద్యం ఉచితంగా చేయవలెనని స్వదస్తూరీతో సంతకం పెట్టారు. బుడాన్ దాన్ని జేబులో పెట్టుకుని, పెళ్లాన్ని బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి విజయవాడ తీసుకెళ్లాడు. దారి పొడవునా ఫ్లెక్సీలే. గుల్జార్ బేగం చాలా కాలానికి కొంచెం నవ్వింది. "నేను పోయే దారంతా నన్నే కట్టారయ్యా," అంది. బుడాన్‌కి కూడా నవ్వొచ్చింది. చెయ్యి వచ్చేస్తుంది, అంతే, తిరిగొచ్చేటప్పుడు ఆమే టీ గ్లాసు అందిస్తుంది అనుకున్నాడు.

పెద్దాసుపత్రి కౌంటర్లో క్లర్కు లెటర్ చదివి లేచి నిలబడ్డాడు.

"గుల్జార్ బేగం గారా! ఏరండీ?"

"ఈవిడేనండి."

క్లర్కు ఆమెని చూశాడు. తల తిప్పి ఎదురుగా గోడమీద ఫ్లెక్సీని చూశాడు. మళ్లీ ఆమెని చూశాడు.

"ఏమయ్యా, మంత్రిగారి మనిషి పేరు చెప్పి ఎవర్నో చేర్పిద్దామనా? గుల్జార్ బేగం ఎలా ఉంటుందో ఈ రాష్ట్రంలో తెలియనివాళ్లెవరు?"

"ఈమే నా భార్యండి. అల్లా మీద ఒట్టు."

"ఒట్లెందుకు, వేలిముద్ర వేయించు."

గుల్జార్ బేగం వేలు వాలిపోయి ఉంటే బుడానే పట్టుకుని మిషన్ మీద ఆనించాడు. చర్మం ఊడి ఊడి వేలి మీద గీతలు ఎప్పుడో పోయాయి. మిషన్ ఎర్రగా వెలిగింది. రెండో వేలూ అంతే. పదో వేలు దాకా వచ్చేసరికి వెనక లైన్లో వాళ్లు గొణిగారు.

"చూశారా, మిషన్ కూడా కాదంటోంది," అన్నాడు క్లర్కు మర్యాదగానే. "అసలు గుల్జార్ బేగం గారిని తీసుకురండి. నిమిషంలో చేర్చుకుంటాం."

బుడాన్ పెళ్లాన్ని పక్కకి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. తర్వాత తనకి తెలిసిన ఒకే ఒక్క విద్యని నమ్ముకున్నాడు. నస్రత్‌కి ఫోన్ చేశాడు. ముందు మనిషి లోపలికి పోవాలి, మంచం దొరకాలి, దొరికాక మంచం మీద ఎవరు పడుకుంటే ఏం? సీట్లోకి ఒకరిని పంపి ఇంకొకరిని కూర్చోబెట్టడం అతనికి కొత్తా?

నస్రత్ చీరాల నుంచి రైల్లో వచ్చింది. అందరూ గుర్తుపట్టారు. వేలిముద్ర అడగలేదు. నర్సులు సెల్ఫీలు దిగారు, ప్రత్యేక గది ఇచ్చారు, కొత్త దుప్పటి పరిచారు. రక్తం తీసుకెళ్లి అప్పటికప్పుడే పరీక్ష చేశారు. సూపరింటెండెంట్ గారు ఎవరికో ఫోన్లో గర్వంగా చెప్పుకుంటూ బయటికెళ్లారు. గదిలో ముగ్గురే మిగిలారు.

"దిగు, దిగు," అన్నాడు బుడాన్.

నస్రత్ దిగింది. "రా వదినా," అని భుజం పట్టుకుంది. గుల్జార్ బేగం ఒక మోకాలు మంచం మీద ఆనించింది. అప్పుడు బయట బూట్ల చప్పుడైంది, 'జిందాబాద్' అని ఎవరో అరిచారు. నస్రత్ ఒక్క దూకు దూకి దుప్పటి కప్పుకుంది. గుల్జార్ బేగం జారి గోడ వారగా నేల మీద కూర్చుండిపోయింది. తలుపు తెరుచుకుని ముందు కెమెరాలు, వాటి వెనక మంత్రిగారు, ఆయన వెనక పళ్లబుట్ట లోపలికి వచ్చాయి.

మంత్రిగారు నస్రత్ తల మీద చెయ్యిపెట్టారు. ఫ్లాష్‌లు మెరిశాయి.

"ఏమంటున్నారు డాక్టర్లు?"

"అద్భుతమండి," అన్నాడు సూపరింటెండెంట్. "రక్తంలో మచ్చుకి కూడా దోషం లేదు."

"మరి చేర్చుకున్నారెందుకు?"

"తమరి లెటర్ మీదండి."

"ఏం మనుషులయ్యా! ఇంత ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఆసుపత్రి మంచం మీద చూపిస్తే నా పథకానికి ఏం పేరొస్తుంది? డిశ్చార్జి చేసెయ్యండి. సాయంత్రం అద్దంకిలో సభ ఉంది, కారులో తీసుకెళ్దాం."

నర్సు వచ్చి దుప్పటి తీసి మడతపెట్టింది. నస్రత్ మంచం దిగి బుడాన్ వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఈసారి మిరపకాయలు ఎక్కడా లేవు. సూపరింటెండెంట్ స్వయంగా ఆమెకి దారిచ్చాడు. మంత్రిగారు కూడా తిరగబోతూ, కాలికి ఏదో తగిలినట్టయి కిందికి చూశారు. గోడ వారగా ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది.

ఎవరినీ పట్టించుకోకుండా దాటిపోయే మనిషి కాదాయన. కెమెరాలు ఇంకా నడుస్తున్నాయి. ఆగి వంగారు.

"ఈవిడెవరు?"

బుడాన్ లెక్క వేసుకున్నాడు. నా భార్య అంటే, ఆ వెళ్తున్నదెవరని అడుగుతారు. కాదంటే, కాదన్నట్టే అవుతుంది. ఇన్నేళ్లలో ఏ సభలోనూ అతనికి మాట తడబడలేదు. ఇప్పుడు అందరూ చూస్తుండగా మంత్రిగారి వైపూ పెళ్లాం వైపూ మార్చి మార్చి చూశాడు.

గుల్జార్ బేగం మొగుడి మొహం చూసింది. కొంగు సర్దుకోబోయింది, చెయ్యి రాలేదు.

"జనమండి," అంది. "ఈయన తోలుకొచ్చారు."

మంత్రిగారు ఫక్కున నవ్వారు. ఆప్యాయంగా బుడాన్ భుజం తట్టారు.

"ఆసుపత్రికి కూడా జనాన్ని తోలావా! నువ్వుండాలయ్యా పార్టీకి. ఎంతమందిని తెచ్చావు?"

"ఒక్కరినేనండి."

"ఒక్కరినేనా?"

"నాకున్నది ఒక్కరేనండి," అన్నాడు బుడాన్.

"పర్వాలేదులే, వచ్చేసారి పెంచుదువుగాని," అని ధైర్యం చెప్పి, మంత్రిగారు అద్దంకి సభకి బయల్దేరారు.